ఆ బ్రేకు షూ మీదేనా? టూవీలర్ కంపెనీలకు ఒక మెకానిక్ బహిరంగ లేఖ

ద్విచక్ర వాహనాల కంపెనీల యాజమాన్యాలకు, విడిభాగాల విభాగం చూసే పెద్దలకు నమస్కారం.

నేను సత్తెనపల్లిలో టూవీలర్ మెకానిక్‌ని. మాచర్ల వెళ్లే రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ఇద్దరు కుర్రాళ్లు, ఒక కంప్రెషరు. ఇరవై రెండేళ్లుగా ఇదే నా బతుకు. మీ అందరి బండ్లూ విప్పి బిగించిన చేతులివి. మీకు ఉత్తరం రాయాలని ఇన్నేళ్లలో ఎప్పుడూ అనుకోలేదు. పోయిన వానాకాలం జరిగిన ఒక సంగతి నన్ను నిద్రపోనివ్వక రాస్తున్నాను.

పక్క ఊరి కుర్రాడొకడు పొద్దున్నే పాలు పోస్తాడు. బండికి రెండు వైపులా క్యాన్లు, నలభై యాభై ఇళ్లు. "వెనక బ్రేకు పట్టడం లేదన్నా" అంటూ వచ్చాడు. డ్రమ్ము విప్పితే, దానికి లోపల రాసుకుని చక్రాన్ని ఆపే షూలు అరిగి అల్యూమినియం తేలింది. గుంటూరు నుంచి తెప్పించిన కొత్త షూ పెట్టె తీశాను. పెట్టె మీద మీలో ఒకరి పేరు, గుర్తు, మెరిసే హోలోగ్రాం, ఎమ్మార్పీ అన్నీ సరిగ్గా ఉన్నాయి. బిగించి, సర్దుబాటు చేసి, నేనే ఒక రౌండు కొట్టి చూసి ఇచ్చాను. పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున మలుపులో వాడు బ్రేకు తొక్కితే షూ మీద అతికించిన లైనింగు ముక్క, అంటే రాపిడి పొర, మొత్తంగా ఊడి, షూకీ డ్రమ్ముకీ మధ్య ఇరుక్కుంది. చక్రం ఉన్నపళంగా పట్టేసింది. బండి పక్కకు ఈడ్చుకుపోయింది. మోచేతి ఎముక విరిగింది. పాలు రోడ్డు పాలయ్యాయి. నెలన్నర వాడి తమ్ముడు బడి మానేసి సైకిలు మీద పాలు పోశాడు.

కట్టు కట్టించుకుని ఆ చేత్తోనే వచ్చాడు. ఊడిన లైనింగు, షూ ఒక సంచిలో వేసుకొచ్చి నా ముందు పెట్టి, "కంపెనీదే వేశావు కదన్నా?" అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని. నాకు జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

షూ అమ్మిన షాపుకు వెళ్లి అడిగితే "మాకు అలాగే వచ్చింది, పెట్టె చూసుకో" అన్నారు. మా ఊళ్లోని డీలరు కౌంటరులో అడిగితే "మా దగ్గర కొన్న బిల్లుందా?" అన్నారు. ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఫొటోలు పంపాను. అధీకృత కేంద్రాల్లో అసలైన విడిభాగాలే వాడండి అని ఒక మెసేజ్ వచ్చింది. అంతే. ఆ షూ వాళ్లదా కాదా అన్న ఒక్క మాటకు సమాధానం రాలేదు.

అసలైనవే వాడండి. ఈ మాట మీ షోరూము గోడల మీద, సర్వీసు పుస్తకాల్లో, పెట్టెల వెనక అంతటా ఉంటుంది. చదివేవాడికి లోకంలో రెండే రకాల సామాన్లు ఉన్నట్టు తోస్తుంది. మీ పెట్టెలో వచ్చేది అసలు, మిగిలిందంతా నకిలీ. ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు, ఉన్నవి మూడు రకాలని. మీ పెట్టెలో వచ్చేది ఒకటి. తన సొంత పేరు మీద, ఒక నిలబడ్డ తయారీదారు చేసి బజారులో అమ్మేది రెండోది. ఎవరి పేరో దొంగిలించి, ఎవరో, ఎక్కడో చేసి అమ్మేది మూడోది. రెండోదాన్నీ మూడోదాన్నీ ఒకే గాటన కట్టి "లోకల్" అని భయపెట్టడం వల్ల మేలు జరుగుతున్నది మూడోవాడికే. ఎలాగో చెబుతాను.

బండి మొత్తం మీరే చేయరని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంజను కేసు మీద మీ పేరుంటుంది గానీ చైను ఒకరు చేస్తారు, షాకబ్జార్బర్లు ఒకరు, బేరింగులు ఒకరు, ప్లగ్గు ఒకరు, లైట్లు ఇంకొకరు. కోయంబత్తూరు ఎల్.జి.బాలకృష్ణన్ వాళ్ల రోలాన్ చైన్లు, చెన్నై ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ వాళ్ల డైమండ్ చైన్లు మీ బండ్లకూ వెళతాయి, బజారుకూ వస్తాయి. మీలో కొందరికి షాకులు చేసే ఎండ్యూరెన్స్ తన పేరుతోనూ సామాను అమ్ముతుంది. ఇందులో తప్పేమీ లేదు. ఒక్కో పనిలో ఆరితేరినవాడు ఆ పని చేస్తేనే సరుకు బాగుంటుంది.

బ్యాటరీ సంగతి చూడండి. బ్యాటరీ పోతే "కంపెనీ బ్యాటరీ వెయ్యి" అని నా షెడ్డులో ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అమరాన్ అంటారు, ఎక్సైడ్ అంటారు. అమరాన్ అయితే తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా వాళ్లు పెట్టిన పేరు, మన కళ్ల ముందు పెరిగింది. టైరు అరిగితే ఎమ్మారెఫ్ అంటారు, సియట్ అంటారు. ఎమ్మారెఫ్ ఫ్యాక్టరీ ఒకటి సంగారెడ్డి జిల్లా సదాశివపేటలోనే ఉంది. టైరు మీద తయారీదారు పేరుంటుంది, ఏ వారం ఏ ఏడు చేశారో నాలుగంకెల్లో ఉంటుంది, ఐఎస్ఐ గుర్తు ఉంటుంది. 2009 నాటి నాణ్యతా ఉత్తర్వుతో ఆ గుర్తు లేని టైరు అమ్మడానికి వీల్లేకుండా పోయింది. రైతుకి చదువు రాకపోయినా ఆ అక్షరాలు తడిమి చూసి టైరు కొంటాడు. ప్రాణం మోసేది టైరు. దాన్నే బయట కొంటున్నప్పుడు ఎవరికీ లేని భయం బ్రేకు షూ దగ్గరికి వచ్చేసరికి ఎందుకొచ్చింది?

టైరు మీద పేరుంది, షూ మీద లేదు. అసలు తేడా అదే. మీ పెట్టెలో వచ్చే షూ ఎవరు చేశారో మీకు తెలుసు, నాకు తెలియదు. పెట్టె మీద మీ పేరు, "మార్కెటెడ్ బై" అన్న మాట, మీ చిరునామా ఉంటాయి. అసలు చేసినవాడి పేరు నాకు తెలిసి ఉంటే, గుంటూరు షాపులో ఆ పేరే అడిగి కొనేవాణ్ని. పేరు తెలియదు కాబట్టి పెట్టెను నమ్మాను. పెట్టెను అచ్చు వేయడం నకిలీ చేసేవాడికి అన్నిటికన్నా సులువైన పని. అంతకన్నా సులువు, మీ ఖాళీ పెట్టెల్నే ఏరుకెళ్లడం. అందుకే ఇప్పుడు సామాను బిగించగానే పెట్టెను నాలుగు ముక్కలుగా చించి గాని బయట పడేయడం లేదు. మెకానిక్ మిత్రులందరినీ అదే పని చేయమంటున్నాను.

మీరు వినాల్సిన ఇంకో మాట ఉంది, అది మా తప్పు గురించి. మెకానిక్కులలో కొందరు కావాలనే డూప్లికేట్ వేస్తారు. పెట్టె మీద ఎమ్మార్పీ చూపించి డబ్బు తీసుకుంటారు, కొన్నది మాత్రం దానిలో మూడో వంతుకు. నేనెప్పుడూ ఆ పని చేయలేదు. చేసేవాళ్లను ఎదురుగా ఉండి కూడా ఏమీ అనలేకపోయిన రోజులున్నాయి. ఆ పాలబ్బాయి పడ్డాక ఆ మొహమాటం వదిలేశాను.

ఇక నా అనుభవంలో ఏది బయటిది వాడొచ్చో, ఏది మీ దగ్గరే కొనాలో ఉన్నదున్నట్టు రాస్తాను. దీన్ని బండి ఉన్నవాళ్లు కూడా చదువుతారని తెలుసు, అందుకే కొంచెం వివరంగా.

చైను కిట్టు. ఇక్కడ బయటి మంచి కంపెనీది కళ్లు మూసుకుని వేయొచ్చు. చైను లింకుల మీద తయారీదారు పేరు గుద్ది ఉంటుంది, అది చూడాలి. ముందు పళ్లచక్రం, వెనక పళ్లచక్రం, చైను మూడూ ఒకేసారి మార్చాలి. చైను ఒక్కటే మార్చమని బేరమాడేవాళ్లుంటారు. అరిగిన పళ్ల మీద కొత్త చైను వేస్తే ఆరునెలలు తిరక్కుండా అదీ సాగిపోతుంది. నేను ఒప్పుకోను.

క్లచ్ ప్లేట్లు. ఇక్కడ మాత్రం జాగ్రత్త పడాలి. నాసిరకం ప్లేట్ల మీది రాపిడి పొర, మేం కార్కు అంటాం, ఆయిల్లో నాని పొరలు పొరలుగా రాలుతుంది. రాలింది ఇంజను అడుగున ఉండే జల్లెడకు చేరి దాన్ని మూసేస్తుంది. పైకి ఆయిల్ ఎక్కదు. వందల రూపాయలు మిగిలాయనుకున్న మనిషి ఇంజను సగం విప్పి చేసే, వేల రూపాయల హాఫ్ ఇంజను పనికి తిరిగి వస్తాడు. ఇలా పట్టేసిన ఇంజన్లు నేను విప్పాను. జల్లెడలో నల్లటి ముద్ద కనిపిస్తుంది, దాన్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. క్లచ్ ప్లేట్లు మీవైనా ఉండాలి, పేరున్న తయారీదారువైనా ఉండాలి. విడిగా, పెట్టె లేకుండా వచ్చే సెట్టు ఎంత చవకైనా వద్దు.

ఎయిర్ ఫిల్టరు అందరికీ లోకువ. ఇంజనులోని బోరు, దానిలో తిరిగే పిస్టన్ను కాపాడేది అదే. పిడుగురాళ్ల వైపు నుంచి నాకు బండ్లు చాలా వస్తాయి. అక్కడ సున్నం బట్టీల దుమ్ము ఎంతుంటుందో ఆ దారిన వెళ్లినవాళ్లకు తెలుసు. ఫిల్టరు కాగితం పల్చగా ఉండి, చుట్టూ రబ్బరు అంచు సరిగ్గా కూర్చోకపోతే ఆ దుమ్మంతా లోపలికి పోతుంది. రింగులు అరుగుతాయి, సైలెన్సరులో నీలం పొగ మొదలవుతుంది, "బండి ఆయిలు తాగుతోందన్నా" అంటూ వస్తారు. కొన్ని బండ్లకు నూనె పట్టించిన కాగితం ఫిల్టరు వస్తుంది. దాన్ని గాలి కొట్టి మళ్లీ వాడకూడదు, మార్చడమే. ఈ సంగతి తెలియక సగం షెడ్లలో దానికీ గాలి కొడుతున్నారు. ఫిల్టరు మీద పెద్ద అక్షరాలతో, తెలుగులో, "గాలి కొట్టకూడదు" అని మీరు అచ్చు వేయలేరా? మీకు ఖర్చు ఎంత?

ఆయిల్ విషయంలో మీరు కొంత అనవసరంగా భయపెడుతున్నారు. మీ పేరున్న సీసాలోదే పోయాలని ఏమీ లేదు. ఆ సీసా మీద ఉన్న గ్రేడు, 10డబ్ల్యూ-30 అయినా 20డబ్ల్యూ-40 అయినా, దానితో పాటు జాసో (జపాను వాళ్ల ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అన్న గుర్తు, అవే మరో మంచి కంపెనీ సీసా మీద ఉంటే బండికి తేడా తెలియదు. తేడా వచ్చేది కారు ఆయిల్ పోస్తే. మోటారు సైకిల్ క్లచ్ ఆయిల్లోనే మునిగి తిరుగుతుంది. కారు ఆయిల్లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, దాంతో క్లచ్ జారుతుంది. స్కూటర్లలో క్లచ్ ఆయిల్లో మునగదు, బయటే ఉంటుంది కాబట్టి వాటికి జాసో ఎంబీ రకం. ఈ నాలుగు ముక్కలూ సర్వీసు పుస్తకం ఆఖరి పేజీలో ఇంగ్లీషులో ఎక్కడో ఉంటాయి. మొదటి పేజీలో మాత్రం మా ఆయిలే పోయండి అని ఉంటుంది.

మడ్‌గార్డులు, అద్దాలు, ఫుట్‌రెస్టు రబ్బర్లు, కిక్కు రాడ్డు లాంటివి బయటివి వేస్తే ప్రాణం మీదికి వచ్చేదేమీ లేదు. కొద్దిగా ముందు పాడవుతాయి, మళ్లీ మారుస్తాం. పేదవాడు ఈ లెక్క వేసుకుని బతుకుతాడు, అది తప్పు కాదు.

మీ దగ్గరే కొనాల్సినవి కూడా ఉన్నాయి. గేరుబాక్సు లోపలి పళ్లు, క్రాంకు, 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 (పొగ తగ్గించే నిబంధన) బండ్లలోని ఇంజెక్టరు, సెన్సార్లు, ఇంజనును నడిపే కంప్యూటరు ఈసీయూ, బ్రేకు తొక్కితే చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండి చక్రానికి ఉండే సెన్సారు రింగు, వీటిలో బయటిదాన్ని నేను ముట్టుకోను, ముట్టుకోమని ఎవరికీ చెప్పను. ఇక్కడ మీ మాటే నా మాట.

అయితే ఇక్కడే మీరు మమ్మల్ని ఎక్కువ ఏడిపిస్తున్నది. ఒక రబ్బరు రింగు పోతే రింగు దొరకదు, మొత్తం అసెంబ్లీ కొనాలి. మా ఊళ్లో ఒక ఆశా కార్యకర్త బండికి పెట్రోలు పంపు దగ్గర చిన్న సీలు పోయింది. ఆ సీలు విడిగా మీ జాబితాలోనే లేదు, పంపు మొత్తం కొనమన్నారు. ఆమె నెల జీతంలో అది ఎంతో మీరు ఊహించుకోండి. పైగా ఆర్డరు పెడితే వారం పది రోజులు. పత్తి తీతల కాలంలో, మిరపకాయలు కల్లాల్లో ఉన్నప్పుడు రైతు బండి పది రోజులు షెడ్డులో పడి ఉంటే కూలీలను ఎవరు తెచ్చుకుంటారు, యార్డుకు ఎవరు వెళతారు? అసలైనది పది రోజుల తర్వాత దొరుకుతుంది, నకిలీది ఆ సాయంత్రమే దొరుకుతుంది. నకిలీకి గిరాకీ పుట్టేది ఎక్కువగా ఈ పది రోజుల్లోనే. దొంగల మీద దాడులు చేయించండి, వద్దనను. గుంటూరు, ఒంగోలు, నల్లగొండ, ఖమ్మం లాంటి చోట్ల మీ సరుకు ఎప్పుడూ నిండుగా ఉంటే, ఆ పెట్టెల వ్యాపారం సగం దానంతటదే చస్తుందని నా నమ్మకం.

చెక్ లైటు వెలిగిన బండి వస్తే దాని లోపల ఏముందో చదివే స్కానరు మీ డీలరు దగ్గరే ఉంటుంది. బజారులో దొరికే స్కానరు అప్పు చేసి కొన్నాను. కొన్ని బండ్లకు పని చేస్తుంది, కొన్నింటికి కోడు చూపించి ఊరుకుంటుంది. మేం మీ బండ్లకు శత్రువులం కాదు. వారంటీ అయిపోయాక ఆ బండ్లను పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు రోడ్డు మీద నిలబెట్టేది మేమే. మీ బండికి "ఎన్నేళ్లయినా నడుస్తుంది" అన్న పేరు వచ్చిందంటే అందులో మా గ్రీజు చేతుల వంతు కూడా ఉంది.

వారంటీ అన్నాను కాబట్టి ఇంకొక సంగతి. ఒక టీచరమ్మ, బడి రెండు మండలాల అవతల, రోజూ బండి మీదే వెళ్లి వస్తుంది. ఉచిత సర్వీసులు అయిపోయాక ఆయిల్ మార్పించుకోవడానికి నా దగ్గరికి వచ్చేది, దారిలో ఉంటానని. సరైన గ్రేడే పోశాను, బిల్లు ఇచ్చాను. పద్నాలుగో నెలలో సెల్ఫ్ మోటారు పోయింది. బండికి ఐదేళ్ల వారంటీ. తీసుకెళితే "బయట ఆయిల్ మార్పించారు, వారంటీ వర్తించదు" అన్నారట. సెల్ఫ్ మోటారుకీ ఇంజను ఆయిల్ గ్రేడుకీ సంబంధమేమిటని నేను రాసిచ్చిన కాగితం పట్టుకెళ్లింది. చదవను కూడా చదవలేదట. చివరికి డబ్బు కట్టి మార్పించుకుంది. అప్పటి నుంచి పాపం సెలవు పెట్టుకుని మరీ షోరూముకు వెళుతోంది. ఆమె నా దగ్గరికి రాకపోవడం నా బాధ కాదు. చదువుకున్న మనిషి, బిల్లు దాచుకున్న మనిషి, ఆమెకే ఇలా జరిగితే వేలిముద్ర వేసేవాడికి ఏం జరుగుతుందన్నది నా బాధ.

ఈ విషయంలో దేశంలో ఇప్పటికే ఒక తీర్పు ఉంది. కార్ల కంపెనీలు విడిభాగాలు బయట దొరకనివ్వడం లేదని, వ్యాపారంలో పోటీకి అడ్డుపడేవాళ్లను అదుపు చేసే కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు వెళితే, 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2016 డిసెంబరులో అప్పీలుకు వెళ్లిన మూడు కంపెనీల విషయంలో ట్రైబ్యునల్ జరిమానా లెక్కను మార్చి తగ్గించింది గానీ, తప్పు జరిగిందన్న మాటను కొట్టేయలేదు. నాకు జరిమానా కన్నా ఆ ఉత్తర్వులో ఉన్న ఆదేశాలు ముఖ్యం. విడిభాగాలు, పరీక్ష చేసే పరికరాలు బయటి గ్యారేజీలకూ దొరకాలి. మీకు సామాను చేసిచ్చేవాళ్లు అదే సామాను బజారులో అమ్ముకుంటామంటే అడ్డుపడకూడదు. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదు. బయటి పని వల్ల ఏ నష్టం జరిగిందో ఆ మేరకు మాత్రమే కాదనవచ్చు. ఇంతకన్నా న్యాయమైన మాట ఏముంది? ఆ కేసు కార్ల కంపెనీలది, మీది కాదు. కారు ఉన్నవాడికి దక్కాల్సిన న్యాయం ఎక్సెల్ బండి మీద గడ్డి మోపు తెచ్చుకునేవాడికి కూడా దక్కాలి కదా. ఎవరో ఒకరు మీ మీద కేసు వేసేదాకా ఆగకుండా మీరే చేయండి.

ఇది మన దేశంలో పుట్టిన వింత కోరిక కూడా కాదు. అమెరికాలో 1975 నుంచే, వారంటీ కావాలంటే మా సామానే కొనాలని కంపెనీ షరతు పెట్టకూడదని చట్టం ఉంది. 2022 జూన్‌లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హార్లే-డేవిడ్‌సన్ మీద ఇదే విషయంలో చర్య తీసుకుంది. బయటి విడిభాగాలు వాడినంత మాత్రాన వారంటీ పోదని వారంటీ పత్రంలోనే రాయించింది. మన కేంద్ర వినియోగదారుల శాఖ కూడా 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్, అంటే రిపేరు హక్కు, పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలు కూడా ఉన్నాయి.

యాక్సెసరీల గురించి కొంచెమే చెబుతాను. కొత్త బండి తాళం ఇచ్చే రోజున క్రాష్ గార్డు, సీటు కవరు, సైడు స్టాండు బూటు, ఇంకా ఏవేవో కలిపి ఒక బిల్లు వేస్తారు. ఏది వద్దనాలో కొనేవాడికి తెలియదు. ఆ సంతోషంలో అడగడు కూడా. వెనక కూర్చున్నవాళ్ల చీర, చున్నీ చక్రంలో పడకుండా అడ్డు ఉండాలని, పట్టుకోవడానికి పిడి ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన చెబుతుంది. అది బండితో పాటు రావాల్సినది, పైన డబ్బు తీసుకుని అమ్మాల్సినది కాదు. మీ డీలర్లకు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి.

అటువైపు కుర్రాళ్ల గొడవ వేరు. శబ్దం చేసే సైలెన్సరు, ఎదుటివాడి కళ్లు పోయే తెల్ల లైటు, వెడల్పాటి టైరు వేయమంటూ వస్తారు. నేను వేయను. లైటు కోసం వైరింగు కోస్తే ఆ బండి మళ్లీ మామూలు బండి కాదు. ఎప్పుడో ఒకనాడు వానలో షార్టయి ఆగిపోతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద ఇలా మార్చిన ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ పడవచ్చని చెబుతాను. కొందరు వింటారు. హెల్మెట్ మాత్రం ఐఎస్ఐ ఉన్నదే కొనమంటాను. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేనిది అమ్మడమే నేరం. అయినా రోడ్డు పక్కన గొడుగు కింద టోపీ లాంటివి ఇంకా అమ్ముతూనే ఉన్నారు. అదే 182ఏలో, కేంద్రం భద్రతకు కీలకమని ప్రకటించిన భాగాల్ని నిబంధనలకు విరుద్ధంగా అమ్మితే ఒక్కో దానికి లక్ష రూపాయల జరిమానా గానీ, ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ అని కూడా ఉంది. కుర్రాడి సైలెన్సరును రోడ్ రోలరు కింద తొక్కించడం చూశాను. బ్రేకు షూ నకిలీది అమ్మిన కౌంటరు దాకా ఎవరైనా రావడం నేనింకా చూడలేదు.

మిమ్మల్ని అడిగేవి పెద్ద కోరికలు కావు. మీ పెట్టె మీద మీ పేరుతో పాటు ఆ సామాను అసలు చేసింది ఎవరో, ఏ ఊళ్లో చేశారో రాయండి. ఆ తయారీదారుకు తన పేరు మీద అదే సామాను అమ్ముకునే స్వేచ్ఛ ఇవ్వండి. సీళ్లు, రింగులు, బుష్షులు విడిగా అమ్మండి, ధరల జాబితా అందరూ చూసేలా పెట్టండి. బయట ఆయిల్ మార్పిస్తే వారంటీ పోదని, నష్టం దానివల్లే జరిగిందని మీరు నిరూపిస్తేనే పోతుందని వారంటీ కార్డు మీద తెలుగులో అచ్చు వేయండి. అనుమానం వచ్చిన సామాను ఎవరైనా తెచ్చి చూపిస్తే, బిల్లు ఎక్కడిదని అడగకుండా, ఇది మాది, లేదా మాది కాదు అని కాగితం మీద రాసిచ్చే మనిషిని జిల్లాకు ఒకరిని పెట్టండి. ఆ కాగితం ఉంటే నేను ఆ షాపు మీద ఫిర్యాదు చేయగలను. లేకపోతే అది నా మాటకు, వాడి మాటకు తగువు మాత్రమే.

తయారీదారులు తమ పేరు మీద అమ్మే సామాను మంచిదైతే మా అమ్మకం పడిపోతుందని మీరు భయపడవచ్చు. బ్యాటరీలు, టైర్లు బయట అమ్ముడవుతూనే ఉన్నాయి, మీ బండ్లు తగ్గాయా? మా షెడ్డుకు వచ్చే పదిమందిలో ఆరుగురు కొత్త బండి కొనేముందు నన్ను అడుగుతారు, "ఏ బండి తీసుకోమంటావు బాబాయ్" అని. ఏ బండికి సామాను ఊళ్లో దొరుకుతుందో, ఏ కంపెనీ మనల్ని పది రోజులు తిప్పదో, అదే చెబుతాను.

పాలబ్బాయి చెయ్యి అతుక్కుంది. మళ్లీ తిరుగుతున్నాడు. వెనక బ్రేకుకి ఈసారి ఒక తయారీదారు తన పేరు షూ మీదే పోత పోసి అమ్మేవి వేశాను. నెలకోసారి నేనే పిలిచి డ్రమ్ము విప్పి చూస్తున్నాను, వాడు వద్దన్నా.

ఊడిపోయిన ఆ షూ, లైనింగు ముక్క, అవి వచ్చిన పెట్టె మూడూ నా దగ్గరే ఉన్నాయి. ఆ ఒక్క పెట్టెను మాత్రం చించలేదు. పాత డబ్బాలో కట్టి, తుప్పు పట్టకుండా గుడ్డ చుట్టి పెట్టాను. ఆ పెట్టె మీద ఉన్న పేరు మీదైతే మీ మనిషిని పంపండి. ఆదివారం కూడా షెడ్డు తెరిచే ఉంచుతాను. చూసి, మీదో కాదో చెప్పండి. ఆ కుర్రాడికి నేను జవాబు చెప్పాలి.

ఇట్లు,
ఒక టూవీలర్ మెకానిక్,
సత్తెనపల్లి, పల్నాడు జిల్లా